జీడిచేతులు

కాశీబుగ్గలో మధ్యాహ్నం ఒంటిగంట.
బట్టీ ఆపినా పొగ ఇంకా ఆగలేదు.
నీలం పెట్టె బల్లమీద పెట్టి మూత తీస్తే
ఐసు ఆవిరికి నలుగురు ఆడవాళ్ళు మొహాలు చాపారు.
సూది కోసం కాదు, చల్లదనం కోసం.

దమయంతి మాత్రం గుమ్మం దగ్గరే నిలబడింది.
"నాకొచ్చి ఎల్లిపోనాది, సిస్టరమ్మా.
పద్నాలుగు రోజులు పెద్దాసుపత్రిలో
నానూ అదీ ఒకే దిండు మీద తొంగున్నాం.
దాని మొకం నా ఒంటికి తెలుసు.
మళ్ళీ దాని బొమ్మ సూపించడానికి
ఈ సూదెందుకేటి?"

రెండు చేతులూ నా ముందు పరిచింది.
గోళ్ళ చుట్టూ నలుపు, వేలికొసల్లో గీతల్లేవు.
రేషను కొట్టులో వేలిముద్రల మిషను
ఏ నెలా ఒక్కసారికి ఒప్పుకోదట.
"ఈటికెవులేసినారు సూది?
జీడి నూని కాల్సింది. బొబ్బలెక్కినాయి. తోలూడింది.
కొత్త తోలుకి బుద్దొచ్చింది. అంతే."

నాకు జవాబు దొరకలేదు.
ట్రైనింగులో మాకు చెప్పిందీ అదే:
వచ్చి పోయిన జబ్బు ఒంట్లో కాపలా పెట్టి పోతుందని,
ఆ కాపలా తక్కువదేమీ కాదని.
అబద్ధమాడి సూది వెయ్యలేను.

కానీ ఆమె వెనక, కటింగ్ మిషను ముందు
ఖాళీ ముక్కాలిపీట నాకు కనబడుతోంది.
తులసమ్మది.
అదే మే నెల, అదే ఆటో, అదే వార్డు.
ఆమె ఒళ్ళూ నేర్చుకోవడం మొదలుపెట్టే ఉంటుంది.
వేలికి తొడిగిన క్లిప్పులో
తొంభై, ఎనభై రెండు, డెబ్భై ఒకటి...
పాఠం సగంలో ఉండగా బడి కూలిపోయింది.
బుద్ధొచ్చిన చేతులే మన ముందుకొస్తాయి.
మిగతావి చూపించడానికి రావు.

ఆ మాట పైకి అనలేదు.
వాళ్ళిద్దరూ ఒకే గిన్నెలో తినేవాళ్ళు.

అప్పుడొచ్చింది ఆ గుంట,
మందస వైపు నుంచి, పేరు ఊర్మిళట,
అరచేతుల గోరింటాకు ఇంకా పోలేదు.
జీడిబుట్టలో చెయ్యి పెట్టబోతుంటే
"ఆగెహె!" అని దమయంతి ఒక్క అంగలో వెళ్ళి
ఆముదం పోసి, బూడిద కలిపి
వేలు వేలుకీ, సందు సందుకీ పట్టించింది.
"ముందు ఇది రాసుకో. నేకపోతే
సాయంత్రానికి అన్నం కలపనేవు."

నేను సిరంజి పట్టుకుని చూస్తున్నాను.
ఆమె నన్ను చూసింది.
బూడిద చేతులు ఒక్క క్షణం ఆగాయి.
"అలా సూడకు," అంది. నవ్వలేదు.

"మరి కర్ఫ్యూలో నెల్లాళ్ళు బట్టీ మూసినప్పుడు?"
అడగొచ్చో లేదో, అడిగేశాను.
చాలాసేపు చేతులు తుడుచుకుంది.
"మెత్తబడిపోనాయి.
తెరిసిన్రోజు మళ్ళీ కాలినాయి.
కానీ ముందటంత కాదు."
రెండు మాటలూ నిజమే. రెండూ ఆమెవే.

నా సూదికీ అదే గతి, కొన్ని నెలలకి అదీ మరుస్తుంది
అని చెప్పాను. దాచి ఏం చేసుకోను?
మూలనుంచి ముసలి జమునమ్మ,
పప్పు పొట్టు ఊదుకుంటూ:
"ఆముదమైనా దినామూ రాయాల కదేటి."

ఊర్మిళ భుజం పట్టి లైన్లో నిలబెట్టింది దమయంతి.
జాకెట్టు చెయ్యి తనే పైకి మడిచింది.
"దీనికింకా ఏటీ రానేదు. దీనికేసీ."
తను మాత్రం తిరిగి గుమ్మానికే పోయింది.
"నాకు మూడు నెల్లు నిండాలని మీరే కదా అన్నారు.
నిండనీ. తర్వాత సూద్దాం."

రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా
'నిరాకరించారు' అని ఒక గడి ఉంది.
అందులో టిక్కు పెట్టలేదు.
పక్కన, ఆగస్టు పంతొమ్మిది అని
పెన్సిలుతో రాసుకున్నాను.

పెట్టెలో ఐసు నీళ్ళవుతోంది.
ఇంకా ఆరుగురున్నారు.
పలాస స్టేషను దాటబోతూ గూడ్సు ఏదో
ఊపిరి తీసుకోవడానికన్నట్టు ఆగి,
కదిలింది.